వెనక క్వార్టర్ తెల్లదొర

మా పక్క స్థలంలో ఇల్లు లేస్తోంది. పొద్దున టిఫిన్ అయ్యాక వసారాలో కుర్చీ వేసుకుని ఆ పని చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైంది. మొన్న పై అంతస్తుకు ఇటుకలు అందిస్తున్నారు. కింద ఒకతను ఒక్కో ఇటుకా పైకి విసురుతుంటే, పరంజా మీద నిలబడ్డ నడివయసు ఆవిడ పక్కనున్న వాళ్ళతో మాట్లాడుతూనే వాటిని పట్టి పేరుస్తోంది. ఆమె చేతులు ఇటుకకు ఎదురు వెళ్ళవు. దానితోపాటు కాస్త వెనక్కి వస్తాయి, గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని లోపలికి తీసుకుపోతున్నట్టు. చూస్తూండగానే నా చేతులు ఒళ్ళో కదిలాయి. మా ఆవిడ కంగారుపడి, "ఏంది, చేతులు వణుకుతున్నయా? డాక్టరు దగ్గరికి పోదామా?" అంది. వణుకు కాదు, ఒమాన్‌లో ఒక అమెరికావాడి దగ్గర అబ్బిన అలవాటు అన్నాను. ఆమె నమ్మలేదు. తప్పు ఆమెది కాదు. ఒమాన్ గురించి ఇంట్లో నేను చెప్పింది చాలా తక్కువ. ఆ తక్కువ కూడా అంతా నిజం కాదు.

మాది ఒకప్పుడు నాలుగూళ్ళ దొరతనం. నా వంతుకు వచ్చేసరికి అందులో కూలిన గడీ గోడ, విరిగిన పల్లకి బొంగు, నిటారుగా నిలబడే అలవాటు మాత్రం మిగిలాయి. మొదటి రెండూ ఎవరికీ పనికి రాలేదు. మూడోది నన్ను ఒమాన్ దాకా వెంటాడింది. మా ఇంట్లో మగపిల్లలు పరుగెత్తకూడదు. చెయ్యి జారి ఏదైనా కింద పడితే వంగి తీసుకోకూడదు, తియ్యడానికి మనుషులుండేవారు. హైదరాబాదులో బి.ఏ. చదువుతుండగా ఇంటి పరిస్థితి పూర్తిగా చెడింది. డెబ్బైల మధ్యలో బొంబాయి ఏజెంటు ఒకడు గుమాస్తా ఉద్యోగమని చెప్పి పంపితే, దిగాక చూసుకున్న కాగితం మీద 'లేబర్' అని ఉంది. ఏజెంటు మోసం చేశాడు. ఇంట్లో ఇన్నాళ్ళూ చెప్పింది ఇదే.

మా క్యాంపు ఇబ్రి అనే ఊరికి అవతల, నల్లటి గులకరాళ్ళ మైదానం మధ్యలో ఉండేది. చుట్టూ కంచె లేదు. ఏ దిక్కున చూసినా ఒకటే నేల, ఒకటే ఎండ. రెండు రోజులకోసారి నీళ్ళ ట్యాంకర్ లేపుకుంటూ వచ్చే దుమ్ము తప్ప కదిలేది ఏదీ కనిపించదు. ఆ మైదానంలోంచి రోడ్డు వెయ్యడం మా కంపెనీ పని. ఆ రోడ్డు పూర్తయితే గాని మేము బయటపడడానికి రోడ్డు లేదు, దాన్ని వెయ్యాల్సింది మళ్ళీ మేమే. మా పాస్‌పోర్టులన్నీ ఆఫీసు గదిలో ఇనపపెట్టెలో ఉండేవి. రెండేళ్ళు నిండాలి, అప్పుడు పెట్టె తెరుచుకోవాలి.

ఇంత పెద్ద ఎడారిలో దేవుడు నన్ను ఎవరి కింద పనికి పెట్టాడంటే, మా తాత దగ్గర జీవితమంతా జీతం చేసిన మనిషి కొడుకు కింద. అతనక్కడ మేస్త్రీ. మొదటి రోజు సైట్ మీద నన్ను చూసి తలపాగా సర్దుకున్నాడు.

"ఏరా, నువ్వా?" అన్నాను నేను, గడీ అరుగు మీద కూర్చుని అడిగినట్టు.

"నేనే దొరా. రాండ్రి, రాండ్రి. గా గమేళా జర ఎత్తుండ్రి," అన్నాడు. మర్యాదకు ఏ లోటూ లేదు. గమేళా నిండా తడి కాంక్రీటు ఉంది.

గ్యాంగులో అందరూ మా జిల్లావాళ్ళే. దొరా అనే మాటను వాళ్ళు అన్ని రకాలుగా పలికేవారు. "దొరా, సిమెంటు," "దొరా, నీ రూమ్ ఊడ్చే వంతు గదా ఇయ్యాల." నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. ఎత్తాల్సింది ఎత్తి, వీపు వంచకుండా నడిచేవాణ్ణి. దాంతో రెండింతలు నొప్పి పుట్టేది. అయిదు నెలల్లో నేను మేస్త్రీని ఒక్కసారి కూడా మేస్త్రీ అనలేదు.

క్యాంపులో ఇంకో దొర ఉండేవాడు. ఆయన అమెరికన్, సైట్ సూపరింటెండెంట్. నలభైకి దగ్గర, తలుపు పట్టనంత భుజాలు, కుడి మోకాలు మడవలేని కుంటి నడక. మనవాళ్ళు నన్ను పాతదొర అనీ ఆయన్ని తెల్లదొర అనీ వేరు చేసి పిలిచేవారు. సూపరింటెండెంట్ల క్యాబిన్లు ముందు వరసలో, ఏసీలతో ఉండేవి. ఈయన మాత్రం చిట్టచివరి వరసలో, వంటశాల పొగకూ మా రేకుల షెడ్డుకూ మధ్య ఇరుకు గదిలో ఉండేవాడు. దానికో కారణం ఉంది. చేరినప్పుడు నింపిన కాగితంలో 'ఇంతకుముందు చేసిన పని' అన్న గడిలో ఆయన 'క్వార్టర్‌బ్యాక్' అని ఒక్క ముక్క రాశాడట. ఆఫీసు గుమాస్తా ఆ మాట ఎన్నడూ వినలేదు. దొరగారు వెనక క్వార్టర్ కావాలని కోరుతున్నారనుకుని, వెతికి వెతికి అన్నిటికంటే వెనక ఉన్న గది కేటాయించాడు. సంగతి తెలిసి ఆయన పడీ పడీ నవ్వాడట, కాని గది మార్చమనలేదు.

సాయంత్రం డ్యూటీ దిగాక ఆయన గది వెనక నిలబడి, రెండు కొసలూ మొనదేలిన గోధుమరంగు తోలు బంతి ఒకదాన్ని దూరంగా ఉన్న తారు డ్రమ్ము మీదికి విసిరేవాడు. గురి తప్పేది కాదు. బంతి డ్రమ్ముకు తగిలి ఎటో దొర్లిపోయేది. ఆయన కుంటుతూ వెళ్ళి తెచ్చుకుని, మళ్ళీ విసిరేవాడు. అది ఫుట్‌బాల్ ఆట అని గుమాస్తా చెప్పాడు.

"ఫుట్‌బాల్ అంటూ చేత్తో ఆడుడేంది?" అన్నాడొకడు షెడ్డు ముందు కూర్చుని.

"కాలు ఇరిగింది గదరా, అందుకే," అన్నాడు మేస్త్రీ.

అయిదో నెల చివర నేనిక ఉండలేననుకున్నాను. పాస్‌పోర్టు ఇప్పించి ఇంటికి పంపమని అర్జీ రాశాను. మనవాళ్ళు అర్జీ రాస్తే 'బెగ్ టు స్టేట్' అని మొదలుపెడతారు. మా వంశంలో ఎవరూ అడుక్కోలేదు కాబట్టి ఆ బెగ్ కొట్టేసి 'ఐ స్టేట్' అని మొదలుపెట్టాను. తెల్లదొర రెండుసార్లు చదివి, కుర్చీ వెనక్కి వాల్చి నన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత బంతి తీసి చూపించాడు.

"నేను విసిరినవి వరసగా పది, కింద పడకుండా పట్టు. ఆ రోజే పెట్టె తెరుస్తాను," అన్నాడు.

పది బంతులు. నేను అక్కణ్ణుంచి బయటపడడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

మర్నాటి నుంచి షెడ్డు మొత్తం ప్రేక్షకులు. నేను నిటారుగా నిలబడి చేతులు చాచాను. బంతి గిరగిరా తిరుగుతూ వచ్చి రొమ్ము మీద గుద్దింది. రెండోది చూపుడువేలు వెనక్కి విరిచింది. మూడోది పట్టుకున్నాననుకునేలోపు పైకెగిరి నా వెనక పడింది. దాన్ని వంగి తీసుకోవలసి వచ్చింది. షెడ్డు ముందు ఈలలు. అలా మూడు వారాలు. ఒక్కరోజు కూడా నాలుగు దాటలేదు.

మధ్యలో ఆయన కూర్చుని మోకాలు రాసుకుంటూ తన కథ చెప్పేవాడు. గోధుమలు పండే చిన్న ఊరు, విత్తనాల కొట్టు నడిపే తండ్రి. కాలేజీవాళ్ళు ఫీజు లేకుండా చేర్చుకున్నది చదువు కోసం కాదు, ఆ చెయ్యి కోసం. మూడేళ్ళు ఆ జట్టుకు ఆయనే క్వార్టర్‌బ్యాక్. అంటే ప్రతిసారీ బంతి ముందు ఆయన చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో ఆయనే తేల్చుకోవాలి, అది కూడా ఎదుటివాళ్ళు మీదపడి నలిపేసేలోగా. కిరాణా కొట్లో ఆయన బొమ్మ వేలాడదీశారట. నేను అర్థమైనంత మట్టుకు తెలుగులో చెబితే షెడ్డంతా వినేది.

"మనిషి ఉన్న చోటికి విసరకూడదు," అనేవాడు ఆయన. "అతను ఉండబోయే చోటికి విసరాలి. నీ చెయ్యి వదిలేటప్పటికి అక్కడ ఎవరూ ఉండరు."

ఆఖరి ఏడాది ఆఖరి ఆటలో ఆయన సరిగ్గా అలాగే విసిరాడట. పట్టాల్సినవాడు జారాడు. బంతి ఖాళీ నేల మీద పడింది, ఆట పోయింది. అదే దెబ్బలో ఇద్దరు మీదపడి మోకాలు విరిచారు. ఊరికి తిరిగొచ్చి కార్లు అమ్మాడు. కారు కొనడానికి వచ్చిన ప్రతివాడూ ముందు ఆ బంతి సంగతి అడిగేవాడు. మంగలి అడిగేవాడు, పాస్టరు అడిగేవాడు. పన్నెండేళ్ళు భరించి, తనెవరో ఎవరికీ తెలియని చోటు వెతుక్కుంటూ రోడ్డు కాంట్రాక్టుల్లో పడి ఇక్కడ తేలాడు.

"అదృష్టవంతుడు," అన్నాడు మేస్త్రీ విని. "మన పాతదొరకు గా అదృష్టం గూడ లేదు. ఎడారికొచ్చినా మేమే ఉంటిమి."

అందరూ నవ్వారు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఆ వారంలోనే స్టాఫ్ ఇళ్ళ గోడలు లేపుతున్నాం. మేస్త్రీ పరంజా మీద కూర్చుని, కిందనుంచి విసిరిన సిమెంటు బ్లాకులు పట్టుకుంటున్నాడు. తెల్లదొర నా పక్కకు వచ్చి నిలబడి చాలాసేపు చూశాడు. ఒక్క బ్లాకు జారలేదు. "ఇలాంటి చేతులు నాకు కాలేజీలో దొరకలేదు," అన్నాడు మెల్లగా. "అతన్ని అడుగు." ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర అతని ముందు నిలబడ్డాను.

"మేస్త్రీ," అన్నాను. "పట్టుడు ఎట్లనో నాకు నేర్పుతవా?"

అతను ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. చుట్టుపక్కల పళ్ళేల చప్పుడు ఆగింది. అతను నవ్వుతాడనే నిలబడ్డాను. నవ్వలేదు. చెయ్యి కడుక్కొచ్చి ఒక బ్లాకు ముక్క తీసుకున్నాడు.

"గట్ల కట్టెలెక్క నిలవడితే అది నీ కాడికొచ్చి దండం వెడ్తదా? వంగు. ఇంకా. మీ తాత ముంగట మా నాయిన నిలవడ్డట్టు నిలవడు," అన్నాడు. "ఆఁ, గిప్పుడు అయింది. వచ్చేదానితోని కొట్లాడకు. చెయ్యి దానెంబడి ఎనుకకు పోవాలె."

నేను దొరా అనిపించుకోకుండా అతనితో మాట్లాడింది ఆ రోజే మొదలు.

పది రోజులకు పదీ పట్టాను. పదో బంతి పొట్టలోకి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చుండిపోతే షెడ్డంతా లేచి అరిచింది. తెల్లదొర మాట తప్పలేదు. అందరి ముందూ ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి పెట్టె తెరిచి నా పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. అది తీసేటప్పుడు కింద ఇంకోటి కనిపించింది. మా అందరి వాటి మధ్య ఆయనది.

"ఇది ఇవ్వడం నా చేతిలో ఉంది," అన్నాడు తలెత్తకుండా. "విమానం ఎక్కనిచ్చే ఉత్తరం మస్కట్ ఆఫీసు ఇవ్వాలి. రెండేళ్ళు నిండకుండా ఇవ్వరు. నాకూ ఇవ్వలేదు. రెండుసార్లు అడిగాను."

"మరి ఎందుకు చెప్పావు?"

"లేకపోతే నువ్వు పట్టడానికి వచ్చేవాడివా?"

కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. చేతిలో పాస్‌పోర్టు ఉంది, బయట కంచె లేదు, వెళ్ళడానికి చోటు లేదు. దాన్ని నేనే పెట్టెలో పెట్టి మూత వేశాను. మూడు రోజులు ఆ వెనక క్వార్టర్ వైపు చూడలేదు. నాలుగో సాయంత్రం డ్రమ్ము చప్పుడు వినిపిస్తుంటే మేస్త్రీ షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు.

"కుంటుకుంట పోయి ఏరుకుంటుండు," అన్నాడు. "ఆయనగ్గూడ రెండేండ్లే గద. పోయి వట్టు."

వెళ్ళాను. మిగిలిన నెలలన్నీ వెళ్ళాను.

నా రెండేళ్ళు నిండకముందే ఆయన్ని దక్షిణాన రైసూత్ రేవు పనికి మార్చారు. జీపు ఎక్కబోయే ముందు, అడగకుండానే ఒక మాట చెప్పాడు. ఆ ఆఖరి ఆటలో ఎవరూ జారలేదట. మీదికి వస్తున్న ఇద్దర్నీ చూసి తను భయపడి, ఒక్క క్షణం ఆలస్యంగా వదిలాడట. జారాడని చెప్పింది తనే. ఆ పట్టాల్సినవాడు ఊరి నింద భరించలేక వేరే ఊరు వెళ్ళిపోయాడట. అప్పుడు నేనూ అంతవరకూ ఎవరికీ చెప్పనిది చెప్పాను. ఏజెంటు నన్ను మోసం చెయ్యలేదు. గుమాస్తా పనికి డిగ్రీ కాగితం అడిగాడు. నేను బి.ఏ. తప్పాను. లేబర్ అయితే రేపే విమానం అన్నాడు, చదివి చూసుకునే సంతకం పెట్టాను. ఆయన నవ్వలేదు, ఓదార్చలేదు. ఖలాస్ అని, నా భుజం తట్టి జీపెక్కాడు. బంతి మేస్త్రీకి ఇచ్చాడు, నాకు కాదు. అది న్యాయమే.

మేస్త్రీ పోయి తొమ్మిదేళ్ళయింది. అమెరికావాడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. మొన్న సాయంత్రం కాఫీ ఇస్తున్న మా ఆవిడతో మొదటిసారి ఆ సంతకం సంగతి చెప్పాను. ఆమె కప్పు చేతికిచ్చి, "గది నాకు పెండ్లయిన ఏడాదే తెలుసు. మేస్త్రీ పెండ్లాం చెప్పింది. మేస్త్రీకి ఆ ఏజెంటే చెప్పిండట," అంది. పక్కింటి మీద ఆఖరి వరస ఇటుకలు పట్టుకుంటున్నారు. యాభై ఏళ్ళ క్రితం చెయ్యి వదిలిందేదో ఇంతసేపూ గాలిలోనే ఉండి, నేను ఉండబోయే చోటు తెలిసినట్టు, ఇప్పుడొచ్చి నా ఒళ్ళో పడింది.