రాహుకాలానికి ముందు ఒక్క రీస్టార్ట్

నేను చూసుకునే సర్వర్‌ని ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. అది హైదరాబాద్‌లో ఏదో చల్లటి గదిలో ఉంటుంది, నేను రాజమండ్రిలో వంటింటి పక్కగదిలో కూర్చుంటాను. మా ఊళ్ళో ఒక బ్లడ్ బ్యాంకుది ఆ సర్వర్. రక్తం ఇచ్చేవాళ్ళ గ్రూపులు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే. నెట్‌వర్క్ ఉన్నంతసేపూ లోపలికి వెళ్తాను. అది తెగిందా, ఇక దాని మొహం కూడా చూడలేను.

అందుకే సీరియల్ కన్సోల్ పెట్టాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఒక రకంగా పెరటి తలుపు అది. నెట్‌వర్క్ చచ్చినా, సర్వర్ వెనకాల ఉన్న వేరే కేబుల్ మీద అక్షరాలు వస్తాయి, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోవచ్చు. ముందు కన్సోల్ పెట్టి, రీస్టార్ట్ చేసి, లాగిన్ అయి చూసుకోవాలి. ఆ తర్వాతే నెట్‌వర్క్ సెట్టింగుల జోలికి పోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ ముక్క నేనే వందసార్లు చెప్పి ఉంటాను.

ఆ శుక్రవారం కన్సోల్ పెట్టడం, నెట్‌వర్క్ సెట్టింగులు మార్చడం రెండూ ఒకే పూటలో ముగిద్దామని కూర్చున్నాను. మా అత్తగారు గోడ క్యాలెండర్ చూసి వచ్చారు.

"పదిన్నరకి రాహుకాలమమ్మా. చేసేదేదో ఈలోపే చేసేయ్."

"సర్వర్‌కి రాహుకాలం ఏంటండీ అత్తయ్యా!" అని నవ్వాను. నవ్వానే గానీ కళ్ళు గడియారం మీదే. పదీ ఇరవై. రెండు రీస్టార్టులకు టైము చాలదు. కన్సోల్ లైన్లు రాసి, సరిచూసుకోకుండా నెట్‌వర్క్ మార్పులు కూడా కలిపేసి, ఒక్కటే రీస్టార్ట్ కొట్టాను. చదువుకున్న బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోయిందో!

సర్వర్ తిరిగి రాలేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. కన్సోల్ తెరిచాను. మొదటి లైన్లు శుభ్రంగా ఉన్నాయి. లాగిన్ అడగాల్సిన చోటికొచ్చేసరికి అంతా పిచ్చి గీతలు, ఒక్క అక్షరం అర్థం కాలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. బ్లడ్ బ్యాంకు కౌంటర్‌లో ఉండే పెద్దాయన.

"మేడమ్ గారూ, లిస్టు రావట్లేదండి. ఇక్కడ డెలివరీ కేసండి, ఓ నెగటివ్. ఉన్న ఒక్క బ్యాగూ ఇచ్చేశామండి, ఇంకోటి కావాలంటున్నారు. ఇచ్చేవాళ్ళ నంబర్లన్నీ అందులోనే కదండీ."

"హైదరాబాద్‌లో ఏదో ప్రాబ్లమ్ అండి, చూస్తున్నాను" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం.

"కొంచెం త్వరగా చూడండమ్మా. ఆవిడ భర్త నా ఎదురుగానే నిలబడి ఉన్నాడండి."

నేను ఎప్పుడూ చూడని ఆ మనిషి నా ఎదుట కూడా నిలబడ్డట్టే ఉంది. "ఏమైందమ్మా?" అని అత్తగారు గుమ్మంలోకొస్తే, "మీరు కాసేపు మాట్లాడకండి!" అని కసిరాను. పాపం, ఆవిడ వెనక్కి వెళ్ళిపోయారు.

రాసిన లైన్లు మనసులో మళ్ళీ చదువుకున్నాను. అక్షరాలు వచ్చే వేగం రెండు చోట్ల రాయాలి, రెండూ ఒకటే ఉండాలి. తొందరలో ఒకచోట ఒక అంకె, ఇంకోచోట ఇంకో అంకె కొట్టాను. నా వైపు వేగం మార్చగానే లాగిన్ కనిపించింది. కంగారులో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. ఈలోగా ఫోన్ మళ్ళీ మోగింది, ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను? మూడోసారికి లోపలికి వెళ్ళి, నెట్‌వర్క్ పాత సెట్టింగులు తిరిగి పెట్టి, ఆయనకి ఫోన్ చేశాను.

"వచ్చిందండీ, వచ్చింది!" అని పెట్టేశాడాయన.

ఇక ఏ కబురూ లేదు. అన్నం సహించలేదు. నేనే ఫోన్ చేద్దామంటే ఏం వినాల్సొస్తుందోనని భయం. సాయంత్రం నాలుగింటికి ఆయనే చేశాడు.

"ధవళేశ్వరం నుంచి ఒకతను బండేసుకొచ్చి ఇచ్చాడండి. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్లండి."

కుర్చీలోనే కూలబడి ఏడ్చేశాను. ఆయన ఆగలేదు.

"ఆ హైదరాబాద్ వాళ్ళు ముంచేసినా మీరు నిలబెట్టారని ఆ భార్యాభర్తలకి చెప్పానండి. పాపకి మీ పేరే పెట్టుకుంటామంటున్నారండి."

తప్పు నాదేనండీ అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా.

"అయ్యో, అంత మాట ఎందుకండీ" అన్నాను.