పోచయ్య కురిపించిన వాన

పోచయ్య ఒక్క గుక్క నీళ్లు తాగి, ఆ నీటి పూర్వీకుల పేర్లు ఏడు తరాల దాకా చెప్పగలడు. సరే, ఏడు ఎక్కువే. కాన్వెంటు సిస్టర్లు నేర్పిన నిజాయితీ నాలో ఇంకా కాస్త మిగిలింది గనుక మూడుకు తగ్గిస్తున్నాను: ఏ బోరు, ఏ చెరువు పక్కది, ఎగువన ఏ ఫ్యాక్టరీ ఉంది.

పోచయ్య ఉండేది రహమత్ నగర్‌లో. ముప్ఫై ఏళ్లుగా భిక్షం గారి ట్యాంకరు నడుపుతూ షూటింగుల్లో వాన కురిపిస్తున్నాడు. వాల్వు తిప్పే ముందు దోసెడు నీళ్లు తాను తాగి చూడాలి. అది అతని నియమం.

మొన్న ఏప్రిల్లో ఫిల్మ్‌నగర్‌ సెట్లో వాన పాట. నాది గొడుగు పట్టుకున్న తాత వేషం. భిక్షం గారివే రెండు ట్యాంకర్లు వచ్చాయి. మొదటిది పోచయ్యే నింపి తెచ్చాడు. రెండోది వేరే డ్రైవరు మూసీ దిగువన ఎక్కడో నింపుకొచ్చాడు. దాని నీళ్లు నోట్లో పోసుకోగానే పోచయ్య ఉమ్మేశాడు.

"గీ నీళ్లు పిల్లల మీద పొయ్య సార్. మందుల ఫ్యాక్టరీ పక్క బోరువి. మా చెల్లెది గా ఊరే. పొలంల దిగితే కాళ్లకు పుండ్లు లేస్తయి."

ప్రొడక్షన్ మేనేజర్ క్రాంతికుమార్ వాచీ చూసుకున్నాడు. "ఒక్క ట్యాంకరుతో పాట అవ్వదయ్యా. వాన లేకపోతే ప్యాకప్పే. ఈ నలభై మంది డ్యాన్సర్లకీ ఇవాళ్టి కూలి లేదని నువ్వే చెప్పుకో."

కృష్ణానగర్ నుంచి వచ్చిన స్ఫూర్తి అనే అమ్మాయి ముందుకొచ్చింది. "నీకేందన్నా, ట్యాంకర్ల కూసుంటవ్. గీ పాట పోతే నా రూం కిరాయి ఎట్ల? దురద లేస్తే మలాం రాసుకుంట."

"మలాం గూడ గా ఫ్యాక్టరీలనే చేస్తరు బిడ్డా. మా తమ్ముడు గాడనే పనిచేస్తడు. వాడు చేసిన మందు చెల్లె రాసుకుంటది. ఫ్యాక్టరీ మూస్తే వాడు పస్తుంటడు. గిట్లనే నడిస్తే చెల్లె పోతది. ఇద్దరు నాకు గావాలె. నీ పాట గూడ గావాలె."

రెండో ట్యాంకరు తాళం జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాడు. వానగొట్టానికున్న బెజ్జాల్లో సగానికి పైగా వెదురు పుల్లలు దిగ్గొట్టి మూసేశాడు. "లైట్లు వాన ఎన్కకు పెట్టుండ్రి. ముంగట పెడితే చినుకు కనవడది" అని పైనుంచి చెప్పి, వాల్వు తిప్పించాడు.

నేను చూసిన సినిమా వానలకు లెక్కలేదు. అలాంటిది మాత్రం మళ్లీ చూడలేదు. ఎవరో ఆకాశానికి జల్లెడ కట్టి వెలుగును జల్లించినట్టు, ప్రతి చినుకూ విడివిడిగా మెరుస్తూ దిగింది. స్ఫూర్తి తల పైకెత్తి నోరు తెరిచింది. నేనూ గొడుగు పక్కన పడేసి, డెబ్బై ఎనిమిదేళ్ల నోరు తెరిచాను. నీళ్లు తియ్యగా ఉన్నాయి. షాటు పాడుచేశానని డైరెక్టరు తిట్టాడు. ఆ ఒక్క ట్యాంకరే పొద్దుగూకే దాకా కురిసింది. పోనీ, మూడు గంటలు. పాట పూర్తయింది, అందరికీ కూలి అందింది.

వాడకుండా మిగిలిన రెండో ట్యాంకరు నీళ్లు నాలాలో వదిలేయమన్నాడు క్రాంతికుమార్.

"నాలా మూసీల కలుస్తది సార్. మూసీ మా చెల్లె దిక్కే పోతది" అన్నాడు పోచయ్య. ఆ ట్యాంకరును తానే ఫ్యాక్టరీ దాకా నడుపుకుపోయి, తమ్ముణ్ని బతిమాలి, మురుగు శుద్ధిచేసే తొట్టిలో పోయించి వచ్చాడు.

ఇదంతా రాసి పోచయ్యకు చదివి వినిపించాను. పక్కనే భిక్షం గారున్నారని చూసుకోలేదు.

"నా డీజిల్‌తోని ఫ్యాక్టరీకి పోయినవారా?"

పోచయ్య నా వంక కూడా చూడలేదు.

"నేనేడికి పోయిన సేఠ్? గా దినం నేను సెట్టుకే పోలే. తాతకు కథలు చెప్పుడు అలవాటు. గా దినం పడ్డది నిజం వాననే."