మూతలు లేని బ్యాటరీ

సిగ్నల్ దగ్గర పచ్చలైటు వెలిగింది. ముందున్న బళ్ళన్నీ కదిలాయి. "క్లచ్ మెల్లిగా వదలండి డాక్టరుగారూ, మెల్లిగా..." అని పక్క సీట్లోంచి డ్రైవింగ్ మేడం అంటూనే ఉంది, స్టీరింగు ముందున్న పళ్ళడాక్టరమ్మ కాలు చటుక్కున ఎత్తేసింది. కారు ఎక్కిళ్ళొచ్చినట్టు కుదిపి కుదిపి ఆగిపోయింది.

అందులో వింతేమీ లేదు. నేర్చుకునేవాళ్ళ చేతిలో ఆ కారు రోజంతా ఆగుతూనే ఉంటుంది, మళ్ళీ బయల్దేరుతూనే ఉంటుంది. "ఏం ఫర్వాలేదు, న్యూట్రల్లో పెట్టి తాళం తిప్పండి," అంది మేడం, ఆ మాట పొద్దుట్నుంచి ఎన్నోసారి అంటోందో తనకే తెలియని గొంతుతో. డాక్టరమ్మ తిప్పింది. ఇంజను ఒక్క మూలుగు మూలిగింది. మళ్ళీ తిప్పితే అదీ లేదు. టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. డ్యాష్‌బోర్డు మీది ఎర్రలైట్లు కూడా మిణుకుమిణుకుమని ఆరిపోయాయి.

వెనక హారన్లు మొదలయ్యాయి.

"నేనేం చేశాను మేడం? పాడు చేశానా?" డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ఎదుటివాళ్ళు ఎంత గోల పెట్టినా చెయ్యి వణక్కుండా పన్ను పీకే మనిషి, స్టీరింగు పట్టుకుందంటే మాత్రం తనే నోరు తెరుచుకుని కుర్చీలో కూర్చున్న పేషెంటయిపోతుంది.

"మీరేం చెయ్యలేదు. బ్యాటరీ పోయినట్టుంది. దిగండి, పక్కకి తోద్దాం."

మేడం స్టీరింగు వైపు తలుపు తీసి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని భుజంతో నెట్టింది. డాక్టరమ్మ వెనక నుంచి, చెప్పులు జారుతుంటే ఆపుకుంటూ నెట్టింది. కారు ఎట్టకేలకు రోడ్డు పక్కకి చేరేసరికి మేడం కుడి మోకాలు కలుక్కుమంది. ఆమెకి కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంచెం ఓపిక ఉండాలి.

నిజానికి ఆ డ్రైవింగ్ స్కూలు ఆమెది కాదు, మొగుడిది. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరే స్టీరింగు పట్టారు. అందరికీ ఆయన మాస్టారు. ఈమె కూడా పెళ్ళికాక ముందు ఆయన దగ్గర కారు నేర్చుకోవడానికే వచ్చి, ఆయన్నే చేసుకుని ఫీజు ఎగ్గొట్టింది. ఆ జోకు ఆయన కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. తర్వాత షుగరు జబ్బు కళ్ళదాకా పాకింది. ఒక సాయంత్రం సందు మలుపులో సైకిలుమనిషి బ్యానెట్టుకి జానెడు దూరం వచ్చేదాకా ఆయనకి కనపడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మాస్టారు ఇంటికొచ్చి, తాళాలు బల్లమీద పెట్టి, "ఇక నువ్వు చూసుకో," అన్నాడు.

అప్పట్నుంచీ ఆమె చూసుకుంటోంది. పొద్దున్నే మొదలుపెడితే చీకటిపడేదాకా పక్క సీట్లోనే కూర్చుంటుంది. అక్కడ ఆమె కాళ్ళ కింద విడిగా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ వచ్చినా, కుక్క అడ్డమొచ్చినా తొక్కాల్సింది ఆమే. ఎవరెవరి భయమో రోజంతా వచ్చి ఆమె మోకాల్లో కూర్చుంటుంది. ఇంట్లో మాస్టారు ఫోను ఎత్తి క్లాసుల టైములు కుదురుస్తాడు. ఆదివారం వస్తే మాత్రం బ్యానెట్టు ఎత్తి, పాత బనీను గుడ్డతో అన్నీ తుడిచి, బ్యాటరీ మూతలు ఒక్కొక్కటే విప్పి, సీసాలోంచి డిస్టిల్డ్ వాటర్ పోస్తాడు. ఆ కాసేపూ ఆయన మళ్ళీ మాస్టారే. కిందటి వారం నుంచీ కారు లైట్లు మసకబారుతున్నాయని ఆమె చెబితే, "నీళ్ళు లెవెల్ దాకా ఉన్నాయి, నేను చూశాను," అన్నాడు. ఆయన చూశానంటే ఆమె మళ్ళీ చూసేది కాదు.

సిగ్నల్ దగ్గర చాలాసేపు నిలబడ్డాక ఒక పాలవ్యాన్ డ్రైవరు ఆగాడు. సీటు కిందనుంచి జంపర్ వైర్లు తీసి తన బండి బ్యాటరీకీ, వీళ్ళ బ్యాటరీకీ తగిలించాడు. మేడం తాళం తిప్పితే ఇంజను దగ్గి దగ్గి అందుకుంది.

"అక్కా, దార్లో ఎక్కడా ఆపకు. ఆపావో, మళ్ళీ నాలాంటోణ్ణి ఎవణ్ణో వెతుక్కోవాలి," అని నవ్వుతూ వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"డాక్టరుగారూ, మీరు బస్సెక్కి క్లినిక్కి వెళ్ళిపోండి. క్లాసు ఇంకో రోజు చెబుతాను."

"బావుంది! సగం పీకిన పన్ను వదిలేసి వెళ్ళమన్నట్టుంది. నేనూ వస్తాను," అని డాక్టరమ్మ పక్క సీట్లో కూర్చుంది. ఆ సీటు ముందున్న బ్రేకు చూసి, కాళ్ళు రెండూ గబుక్కున వెనక్కి లాక్కుంది.

బ్యాటరీల షాపు ఒక ఇరుకు గది. గోడ పొడవునా ఇనప అరల్లో బ్యాటరీలు, గాలిలో ముక్కు మండించే యాసిడ్ వాసన. షాపాయన చొక్కా అంచు యాసిడ్ పడి జల్లెడలా చిల్లులుపడి ఉంది. ఆయన పాత బ్యాటరీ ఊడదీసి బల్లమీద పెట్టి, మీటరు తగిలించి, పెదవి విరిచాడు. తర్వాత నాణెంతో మూతలు విప్పి, టార్చి వేసి లోపలికి చూశాడు.

"అమ్మా, ఇలా రండి. దీంట్లో నీళ్ళు పోసేదెవరు?"

"మా ఆయన. వారం వారం పోస్తారు."

షాపాయన టార్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె వంగి చూసింది. ఒక్కో మూత కింద ఒక్కో చిన్న గది. ఈ చివరి గదిలో నీళ్ళు మూతి దాకా ఉన్నాయి. పొంగి, కారి, చుట్టూ తెల్లగా పేరుకుపోయాయి. దాని పక్కది సగం. ఇక మిగతావన్నీ ఎండిపోయి, లోపలి పలకలు సున్నం కొట్టినట్టున్నాయి.

"కొంచెం లోపలికి పోయాయి, కొంచెం బయటికి పోయాయి," అన్నాడు షాపాయన, తప్పు తనదే అయినట్టు మెల్లగా. "బండిలో బ్యాటరీ కూర్చునే ట్రే కూడా తుప్పు పట్టింది చూడండి. పక్కన గీతలుంటాయి కదమ్మా, నీళ్ళు ఎక్కడిదాకా ఉండాలో. అవి చూసుకుంటూ పొయ్యాలి."

పక్కన గీతలు. ఆయనకి గీతలు కనపడటం లేదు. గీతలే కాదు, మూతి కూడా సరిగ్గా కనపడక చేత్తో తడుముకుంటూ పోశాడన్నమాట. పోసి, గుడ్డతో తుడిచి, లెవెల్ దాకా ఉన్నాయని చెప్పాడన్నమాట.

ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. కప్పులో టీ పొంగి పళ్ళెంలోకి కారుతున్నా ఇంకా పోస్తూ ఉండటం. ఫోను ముక్కుకి ఆనించి చూడటం. గదిలో బల్బు వెలుగు చాలడం లేదని ఊరికే విసుక్కోవడం. అన్నీ కళ్ళముందే జరిగాయి. ఇంటికెళ్ళేసరికి ఒళ్ళు హూనమై ఉండేది. ఏదీ పట్టించుకోలేదు.

"ఎండిపోయిందిగా, నీళ్ళు పోస్తే బాగవదా? నేను పళ్ళడాక్టర్ని, నాకివేం తెలీవు," అంది డాక్టరమ్మ.

"అవదమ్మా. మీ దగ్గరికి పుచ్చిపోయాక వచ్చే పళ్ళలాంటిదే," అని షాపాయన అరల్లోంచి చెరో చేత్తో రెండు బ్యాటరీలు దించాడు. "మీ బండి ట్రేలో పట్టేవి ఇవి రెండే. ఇది నీళ్ళు పోసేది. చౌక. చూసుకునే మనిషుంటే మంచిదే. ఇదేమో మూతలు లేనిది. బిగించి మర్చిపోవచ్చు. నేర్పే బండి కదా, ఆగి ఆగి స్టార్టవుతుంది. దమ్మున్నదే కావాలి."

అప్పుడే ఫోను మోగింది. మాస్టారు.

"ఎక్కడున్నావు? తర్వాత క్లాసు వాళ్ళు వచ్చి కూర్చున్నారు."

"బ్యాటరీ పోయిందండీ. షాపులో ఉన్నాను."

మాస్టారు గొంతు సవరించుకుని, "నీళ్ళు పోసేదే తీసుకో. ఆ సీలు వేసినవాటి లోపల ఏముందో దేవుడికెరుక. నేను చూసుకుంటాగా," అన్నాడు.

ఆమె ఫోను పెట్టేసి, తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా మీద కూలబడింది. నీళ్ళు పోసేది తీసుకుంటే ఏమవుతుంది? ఆయన తన మానాన తాను తుడుచుకుంటాడు, పోసుకుంటాడు. ఆయన చూడకుండా ఈమె మళ్ళీ మూతలు విప్పి, ఎక్కువైంది తీసి, తక్కువైంది నింపి, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి రావాలి. చెయ్యలేని పనేం కాదు. ఇన్ని చేస్తోంది, ఇదొకటి. ఆ మాట అనుకోగానే ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కసారి గొంతుదాకా వచ్చింది. వద్దు. ఇంకొక్క పని కూడా వద్దు. దొంగచాటు పని అసలే వద్దు.

"మూతలు లేనిది బిగించండి," అంది. "ఎప్పుడు తయారైందో ముందు చూపించండి. షాపులో పడి ఉన్నది నాకొద్దు." అది మాస్టారు నేర్పిన జాగ్రత్తే. షాపాయన లోపలికెళ్ళి, మొన్న దిగిన సరుకులోంచి ఇంకోటి తెచ్చాడు.

కొత్త బ్యాటరీతో కారు తాళం తిప్పీ తిప్పకముందే అందుకుంది. క్లినిక్ దగ్గర దిగుతూ డాక్టరమ్మ ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. "మాస్టారిని కళ్ళ డాక్టరుకి చూపించి ఎన్నాళ్ళయింది?" అంది. "రేపే తీసుకెళ్ళండి. నా క్లాసు పోయినా ఊరికి నష్టం లేదు, ఇంకో రోజు అందరూ క్షేమంగా ఉంటారు," అని వెళ్ళిపోయింది.

ఇంటి ముందు కారు ఆగగానే మాస్టారు గుడ్డ పట్టుకుని సిద్ధంగా వచ్చాడు. బ్యానెట్టు ఎత్తి, బ్యాటరీ మీద చెయ్యి వేసి, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తడిమాడు. నున్నగా ఉంది.

"మూతలేవీ?"

"లేవండీ. నీళ్ళు పొయ్యక్కర్లేదు."

"నేను చెప్పాగా..."

"పాతదాన్ని విప్పి చూపించాడు. ఒకటి పొంగిపోయింది. మిగతావి ఎండిపోయాయి."

మాస్టారి చెయ్యి బ్యాటరీ మీదే ఆగిపోయింది. ఆమె గేటుకి ఆనుకుని నిలబడింది. ఏదో ఒకటి అల్లి చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చింది గానీ, తీరా ఇప్పుడు ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"నాకు అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు," అంది. "ఎప్పట్నుంచి కనపడటం లేదు?"

"వానలు వెళ్ళినప్పట్నుంచి. కుడివైపు మొత్తం పొగపట్టినట్టుంటుంది."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు వచ్చేసరికి నిలబడ్డచోటే నిద్రపోయేలా ఉంటావు. దానికి తోడు ఇదొకటా అని..." ఆయన గుడ్డని మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "ఆ నీళ్ళు పోసే పనన్నా నాకుంటే, నేనూ ఏదో చేస్తున్నట్టుండేది."

ఆమెకి అరవాలనిపించింది. బ్యాటరీ గురించి కాదు, వానలు వెళ్ళినప్పట్నుంచి అన్న మాట గురించి. కానీ ఆయన నిలబడ్డ తీరు చూస్తే అరుపు రాలేదు. వచ్చి బ్యానెట్టు దించింది. "రేపు క్లాసులన్నీ మానేద్దాం. అందరికీ ఫోన్లు చేసి చెప్పండి," అంది. ఆ స్కూలు పెట్టాక ఆ మాట ఇంట్లో వినపడటం అదే మొదటిసారి.

మర్నాడు కళ్ళాసుపత్రిలో జనం కిటకిటలాడుతున్నారు. మాస్టారి కళ్ళలో చుక్కలు వేసి కూర్చోమన్నారు. గోడవారగా వరసగా కుర్చీలు, పైన ఫ్యాను గాలి. ఆయన పేరు పిలుస్తారేమోనని ఆమె చెవులు రిక్కించుకుని కూర్చుంది. మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుంది. అంతే గుర్తు.

మెలకువ వచ్చేసరికి మెడ పట్టేసింది. మంచినీళ్ళ సీసా కింద దొర్లుతోంది. పక్క కుర్చీ ఖాళీ. ఆమె గబుక్కున లేవబోతుంటే, నర్సమ్మ చెయ్యి పట్టుకుని మాస్టారు లోపలినుంచి వస్తున్నాడు.

"నన్ను లేపకుండా ఎలా వెళ్ళారు?"

"పిలిచారు, వెళ్ళాను. ఈవిడ పట్టుకుని తీసుకెళ్ళింది." ఆయన తడుముకుంటూ కూర్చున్నాడు. "కుడికన్ను పోయింది పోయినట్టేనట. ఎడమది మందు వేస్తూ ఉంటే ఇంతకంటే దిగజారదట. కంట్లో సూది వేస్తారట. ముందే వచ్చుంటే బావుండేది అన్నాడు డాక్టరు. తిట్టలేదులే."

ఆమె ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతికి ఇంకా బనీను గుడ్డ వాసనే.

"చుక్కల మందు దిగేదాకా నాకెలాగూ ఏమీ కనపడదు," అన్నాడు మాస్టారు. "ఇంకాసేపు పడుకో."