పదిహేడో డబ్బా

మార్లీన్ కుబియాక్ పొద్దున్నే కోటైనా విప్పకుండా ముందు వాసన చూస్తుంది. ఆవిడ పనిచేసేది అమెరికాలో, టొలీడోలోని బట్టలుతికే మిషన్లు చేసే కంపెనీలో. డెబ్బై ఏళ్ళ కాగితాలూ, ఫొటోలూ, ఫిల్ము రీళ్ళూ నేలమాళిగలో ఆవిడ చేతికిందే ఉన్నాయి. పాత ఫిల్ము కుళ్ళడం మొదలైతే వెనిగర్ వాసన కొడుతుంది. ఒక డబ్బా చెడితే పక్కవాటికీ అంటుకుంటుంది. అందుకే కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసి, రేకు డబ్బాల అంచుల దగ్గర ముక్కు పెట్టి, ఒక్కొక్కటే దాటుతుంది. పదిహేడో డబ్బా దగ్గర మాత్రం రెండుసార్లు వాసన చూస్తుంది. కంపెనీ పెట్టిన ముసలాయన గొంతు మిగిలింది ఆ ఒక్కదాన్లోనే. దానికి నకలు తీయించమని మూడేళ్ళుగా అడుగుతోంది. పైవాళ్ళు "వచ్చే ఏడు చూద్దాం" అంటున్నారు.

సోమవారం ఆ వాసన రానే వచ్చింది. అరల్లోంచి నలభై డబ్బాలూ కిందికి దించింది. గేటు దగ్గర కాపలా ఉండే ఓటిస్, చేతిలో సాండ్‌విచ్‌తో తలుపు దగ్గర నిలబడి పగలబడి నవ్వాడు. "ఏం మేడమ్, పోలీసు కుక్క ఉద్యోగం కూడా మీకే ఇచ్చారా? వెనిగర్లో ఊరేసిన దోసకాయండీ అది! సాండ్‌విచ్‌లోకి తెచ్చుకున్నా." ఆవిడ నేలమీదే కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వింది.

శుక్రవారం పదిహేడో డబ్బా దగ్గర మళ్ళీ అదే వాసన. ఈసారి మూత ముట్టుకోలేదు. గబగబా మెట్లెక్కి గేటు దగ్గరికి వెళ్ళింది.

"ఓటిస్, ఇవాళ కూడా ఆ దోసకాయ తెచ్చుకున్నావు కదూ?" అంది, అవునంటే చాలన్నట్టు చూస్తూ.

"అయ్యో, లేదండీ. మీరంత హడలిపోయాక మంగళవారం నుంచే మానేశాను."