పందొమ్మిదేండ్ల వాన

ఇది మొదలైంది 2003 జూలై నెల రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు. రిటైరై ఏండ్లు గడిచాక ఈ పొద్దు అది గుర్తుకు రావడానికి కారణం నా సెల్‌ఫోను. కాఫీ గ్లాసు పట్టుకుని వసారాలో కూర్చుంటే, 'మీ ప్రాంతంలో ఇప్పుడు వాన పడుతోంది' అని చెప్పింది. రాజంపేటలో మా వాకిట్లోకి దిగి చేయి చాపాను. ఒక్క చుక్క లేదు. ఎదురింటి మేడ మీద ఆరబోసిన మిరపకాయలు ఎండకు గలగలమంటున్నాయి. తొందరపడి ఎవరినీ తప్పు పట్టకూడదని ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చాపాను. అప్పుడూ సున్నే.

ఆ మంగళవారం నేను బద్వేలు పక్క ఒక పల్లె హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఫిజిక్సు చెబుతున్నాను. నాకు యాభై రెండేండ్లు. గేటు ముందు లారీ ఆగి ఇరవై ఒక్క అట్టపెట్టెలు దించింది. పది కంప్యూటర్లు, ఒక ప్రింటరు. హెడ్మాస్టరు వాటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "లెక్క మీకు బాగా కుదురుతుంది మేడమ్, ఇన్‌ఛార్జి మీరే" అన్నారు. కిటికీకి ఊచలూ తలుపుకు గొళ్ళెమూ సరిగా ఉన్న గది బడి మొత్తానికి ఒకటే, పాత రికార్డుల గది. సాయంత్రానికల్లా అది ఖాళీ అయింది. అందులోవన్నీ వసారాలో గుట్టగా పడ్డాయి. ఆ గుట్టలో నా వాన పుస్తకాలు పందొమ్మిది ఉన్నాయి.

వాటి సంగతి చెప్పాలి. 1984లో బద్వేలు రేకుల పనివాడి చేత ఒక గరాటు చేయించి, దాని కింద సీసా పెట్టి, బడి ఆవరణలో పాతించాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు తొమ్మిదో తరగతి పిల్లలలో ఒకరు సీసాలో నీళ్ళు కొలజాడీలో పోసి చూసి, తేదీకి ఎదురుగా గడిలో అంకె వేయాలి. సెలవు దినమైనా సరే. ఏడాదికొక పుస్తకం. మొదటి అంకె జూలై ఒకటో తేదీ, ఆదివారం. రాసిన పిల్లవాడు బడి పక్కనే ఉండే రైతు కొడుకు. వాన లేని రోజు గడి ఖాళీగా వదిలితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. సున్న వేయాల్సిందే. సున్న అంటే చూశామని, ఖాళీ అంటే చూడలేదని. మా పల్లెకూ మండలాఫీసులో వాన కొలిచే చోటుకూ మధ్య పద్నాలుగు కిలోమీటర్లూ ఒక కొండా ఉన్నాయి. కొండకు అవతల వాన పడితే మాకు వాసన ఒక్కటే వచ్చేది.

ఆగస్టులో కడపలో ఐదు రోజుల శిక్షణ. నలభై మంది టీచర్లం, పని చేసే కంప్యూటర్లు పన్నెండు. మా బడి హిందీ సారూ నేనూ ఒకే మౌసు పంచుకున్నాం. ఆయన నాకంటే నాలుగేండ్లు పెద్ద, ఉర్దూ ఇంట్లో పుట్టినవాడు, మాటలో ఎప్పుడూ కొంచెం పన్నీరు ఉంటుంది. టకటకమని రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుందని నేర్పే అమ్మాయి చెబితే, "రెండుసార్లు కొడితే తెరిచేది మా బేగం ఒక్కతే అనుకున్యా మేడమ్, అదీ జీతం దినం" అన్నారు. ముప్పై ఏండ్లు సుద్దముక్కతో నల్లబల్ల మీద చేత్తోనే గుండ్రటి వలయం గీసినదాన్ని, ఆ బాణం గుర్తును ఒక గడిలో నిలబెట్టలేక మొదటి రోజు సాయంత్రం బస్టాండులో కూర్చుని ఏడ్చాను. మూడో రోజు ఆ అమ్మాయి గడుల కాగితం చూపించింది. అంకెలు వేస్తే చాలు, మొత్తం దానంతటదే కింద పడుతుంది. రాత్రి బసలో అదే కూడిక చేత్తో చేసి చూశాను. సరిపోయింది. అక్కడ లొంగిపోయాను.

సెప్టెంబరు నుంచి జనవరి దాకా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కరెంటు ఉన్నప్పుడు, ఖాళీ పీరియడు దొరికితే చాలు వాన ఎక్కించాను. పుస్తకం చూసి చదివేది ఎనిమిదో తరగతి పిల్ల. 1984లో మొదటి అంకె వేసిన పిల్లవాడు ఇప్పుడు వేరుశనగ రైతు, ఈమె అతని కూతురు. గొంతు బడి గంటంత. "సున్న మేడమ్. సున్న మేడమ్. మళ్ళీ సున్నే మేడమ్. దేవుడు ఈ నెలంతా లీవు పెట్టినట్టుండాడు." పూర్తయ్యాక మొత్తాలు నా డైరీలో రాసుకున్నాను. ఆరువేల తొమ్మిదివందల ముప్పై తొమ్మిది రోజులు, అందులో వాన పడినవి ఎనిమిదివందల నలభై ఒకటి, పడిన వాన పన్నెండువేల రెండువందల డెబ్భై నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు ఫ్లాపీల్లో దాచాను. జాగ్రత్త కోసం ఇంకో నాలుగింట్లో నకలు తీశాను. బడిలో గట్టి తాళం ఉన్నది సైన్సు బీరువాకే కాబట్టి ఎనిమిదీ ఒకే అట్టపెట్టెలో పెట్టి దాని మూడో అరలో ఉంచాను.

ఫిబ్రవరిలో హెడ్మాస్టరు వసారా గుట్ట చూసి, "ఇంకా ఎందుకు మేడమ్ ఈ చెత్త? అంతా పెట్టెలో పడిందంటిరి కదా" అన్నారు. అమ్మాల్సిన పాత కాగితాల పట్టీ నేనే రాశాను. పద్నాలుగో వరుస, వాన పుస్తకాలు, పందొమ్మిది. హిందీ సారు ఒక్కరే అడ్డం పడ్డారు. "ఉండనీయండి మేడమ్, అవేమన్నా అన్నమడుగుతాయా?" నేను నవ్వాను. "సారూ, మీరింకా కాయితాల కాలంలోనే ఉండారు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో నా గొంతుతోనే వినిపిస్తుంది.

2004 నవంబరు మూడో సోమవారం, సాయంత్రం నాలుగున్నరకు ఆ రైతు బడికి వచ్చాడు. ఆ ఏడు శనగకాయ భూమిలోనే మాడింది. కూతురు తొమ్మిదికి వచ్చింది, ఇప్పుడు గరాటు దగ్గర అంకె వేసేది ఆమే.

"మేడమ్, గురువారం కరువు చూసేదానికి ఆఫీసర్లు వస్తాండారు. మండలంలో వాన బాగనే పడిందని రాసుకున్యారంట. పడింది కొండకు ఆ పక్క. ఈడ యాడ పడింది?"

"పడలేదప్పా. మన లెక్కలో ఉంది."

"అదే. ఏటేటా ఎంత పడతాదో, ఈ ఏడు ఎంత పడిందో మన పుస్తకాలు చూపిస్తే నమ్ముతారు. కరువు పనులు పెడితే ఈన్నే ఉంటాము. లేకుంటే ఇంటిల్లిపాదీ బెంగుళూరుకు పోవాల్సిందే. పాప చదువు ఆన్నే నిలిచిపోతాది."

"పుస్తకాలు లేవప్పా, అంతా కంప్యూటర్లో ఉంది. రేపు శుభ్రంగా అచ్చు తీసి ఇస్తాను."

అతను పోబోతూ వెనక్కి తిరిగి, "నా రాత గూడా ఉండాదా మేడమ్ దాంట్లో?" అన్నాడు.

"రాత ఉండదు. అంకె ఉంటుంది."

"అంకె ఉంటే చాల్లే."

మరునాడు రెండు గంటలకు బీరువా తెరిచాను. అట్టపెట్టె తీయబోతే కొంచెం మొరాయించింది. లాగాను, వచ్చింది. మొదటి ఫ్లాపీ వేశాను. పిండిమరలో రాయి పడినట్టు గరగరమని, చివరికి, ఇందులో ఏమీ లేదు, కొత్తగా సిద్ధం చేయమంటావా అని మర్యాదగా అడిగింది. రెండోదీ అదే అడిగింది. నకళ్ళూ అడిగాయి. ఎనిమిదీ మూడేసి సార్లు వేశాను. కంప్యూటరులోనే దాచింది ఉంటుందనుకుంటే, జూన్‌లో బాగు చేయడానికి వచ్చిన మనిషి లోపలిదంతా తుడిచి మళ్ళీ ఎక్కించి పోయాడు. ఫ్లాపీలున్నాయి కదా తుడుచుకోమని చెప్పింది నేనే. హిందీ సారు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఈ పెట్టె యాడ పెట్టింటిరి మేడమ్?"

"సైన్సు బీరువాలో. మూడో అర."

"పక్కన ఏముంది?"

జవాబు నోటికి రాకముందే నాకు తెలిసిపోయింది. పాత మైకు నుంచి ఊడదీసిన పెద్ద అయస్కాంతం. ఏటా తొమ్మిదో తరగతికి చూపించేదాన్ని. అయస్కాంతం పక్కన ఉంటే ఫ్లాపీలో రాసింది చెరిగిపోతుంది. అట్టపెట్టె మొరాయించింది ఎందుకో, ఫ్లాపీల ఇనుప రేకులను పట్టుకున్నది ఏదో, ఇరవై ఏండ్లుగా ఆ పాఠం చెప్పిన నాకు చేతికి తగిలి కూడా అర్థం కాలేదు. ఆయన "నేను చెప్పలేదా" అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగింటికి కరెంటు పోయేదాకా ఇద్దరం ఆ తెర ముందే కూర్చున్నాం.

బుధవారం మొదటి బస్సుకు బద్వేలు పోయాను. పాత కాగితాల అంగడి శెట్టిగారు నెమ్మదస్తుడు. "తొమ్మిది నెల్లు కదమ్మా. నా దగ్గర కాయితం తొమ్మిది దినాలు నిలవదు" అన్నాడు. అయినా నాతో పాటు గోదాములోకి వచ్చి బస్తాలు దించి చూపించాడు. మధ్యాహ్నం దాకా వెతికాను. చేతులు నల్లగా అయ్యాయి. "గుర్తుండాయమ్మా ఆ పుస్తకాలు. సొట్ట లేకుండా గీతలు కొట్టి, ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా. ఎవురో శానా పద్ధతి గల మనిషి రాయించినారనుకున్యా." ఆయన మెచ్చుకునే అన్నాడు. నేను బస్తా మీద కూర్చున్నాను.

గురువారం ఆఫీసరు పంచాయతీ వసారాలో కూర్చుని నా డైరీ ఓపికగా చూశాడు. ఈ ఏటి పుస్తకమూ చూశాడు. "ఈ ఏడు పడలేదు, సరేనమ్మా. మామూలుగా ఎంత పడుతుందో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలవారీగా కావాలి. ఇది మొత్తం ఒక్కటే. ఇది మీ లెక్క, రికార్డు కాదు" అన్నాడు. మెట్లు చూపకుండా జవాబు ఒక్కటే రాసిన పిల్లలకు నేను కూడా సున్నే వేసేదాన్ని. రైతు కొంచెం దూరంలో తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆఫీసరు జీపు పోయాక దగ్గరికి వచ్చి, "పోనీలే మేడమ్, మీరు కావాల్నని చేసినారా" అన్నాడు. కొలజాడీ సరిగ్గా పట్టుకోవడం అతనికి నేర్పింది నేను. నన్ను ఓదార్చడం ఎవరు నేర్పారో తెలియదు.

డిసెంబరు రెండో శనివారం వాళ్ళు బెంగుళూరు బస్సెక్కారు. పోయే ముందు ఆ పిల్ల ఎనిమిదిన్నరకు గరాటు దగ్గరికి వచ్చి, సీసా చూసి, ఆ పొద్దు గడిలో సున్న వేసి పోయిందని అటెండరు చెప్పాడు. నేను సోమవారం పుస్తకం తెరిచాను. శనివారం సున్న ఉంది. ఆదివారం గడిలో ఏమీ లేదు. చూసినవాళ్ళు లేరు. ఇరవై ఏండ్లలో అది మొదటిది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కంప్యూటరు పాఠాలు చెప్పాను, బాగానే చెప్పానన్నారు. కాలం వానలాంటిదే. పడేటప్పుడు ఎవరైనా కొలిచి రాసుకుంటేనే ఉన్నట్టు.

పోయినవి ఇవి. పుస్తకాలు, పందొమ్మిది. రోజులు, ఆరువేల తొమ్మిదివందల ముప్పై తొమ్మిది. ఆ చలికాలం వలస పోయారని హాజరుపట్టీలో నా చేత్తో కొట్టేసిన పేర్లు, పదకొండు. తిరిగి రాసుకున్న పేర్లు, నాలుగు. ఆ నాలుగింటిలో ఆ పిల్ల పేరు లేదు.