ఐదో నంబరు పోస్టు

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి పోస్టు చేరాం. బేస్ నుంచి ఐదు రోజుల నడక. అక్కడున్నవాళ్లను దించి వాళ్ల బదులు ఉండే రిలీఫ్ మేం, ఎనిమిది మందిమి ఒకే తాడుకు కట్టుకుని వచ్చాం. మంచులో పగుళ్లు పైకి కనపడవు. ఒకడు జారితే మిగతా ఏడుగురి బరువే అతన్ని ఆపాలి. ముందు నేను, హవల్దారును, పోస్టు కమాండర్ను. నా వెనక రేడియో ఆపరేటరు. అందరికన్నా చివర నర్సింగ్ అసిస్టెంటు.

ఎత్తు పదిహేడు వేల అడుగులు. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీల కింద. రెండు ఫైబర్ గుడిసెలు, రెండు కిరోసిన్ పొయ్యిలు, ఒక రేడియో సెట్టు. మా పోస్టు నంబరు నాలుగు. కుడివైపు కొండ భుజం మీద ఉన్నది ఆరు. నడుమ ఐదు లేదు. దిగిపోతున్న హవల్దారును అడిగాను. తాము వచ్చేనాటికే లేదన్నాడు. అతని మూట కట్టడం అయిపోయింది, భుజాన వేసుకుని తన తాడు వైపు నడిచాడు. నాలుగుకీ ఆరుకీ మధ్య మూడు కిలోమీటర్ల మంచు ఉంది. అంతే.

హనుమకొండలో నన్ను కలిసినవాళ్లు కాల్పుల గురించి అడుగుతారు. పోస్టులో ఉన్న ఆ తొంభై రోజుల్లో మేం ఒక్క తూటా కూడా పేల్చలేదు.

ఆపరేటరుది మడికొండ. ముప్పై రెండేళ్లవాడు. అన్నకు వరంగల్ బజారులో బట్టల దుకాణం. పోస్టులో తెలుగువాళ్లం మేమిద్దరమే. చినిగిన చేతితొడుగులు ఎవరివైనా అతనే కుట్టేవాడు. చేతిరాత అచ్చులా ఉండేది. గంటగంటకూ బేస్‌తో మాట్లాడటం, మాట్లాడిన ప్రతి మాటా లాగ్ పుస్తకంలో రాయడం అతని పని. గంట, నిమిషం, ఎవరు పిలిచారు, ఏమన్నారు, కింద సంతకం.

నలభై ఒకటో రోజు. మూడు రోజులుగా మంచు తుఫాను. చెయ్యడానికి పనిలేక లాగ్ పుస్తకం తిరగేశాను. ఒక వరుస దగ్గర వేలు ఆగింది. 14.10. ఐదో నంబరు పోస్టు. రిలీఫ్ అడుగుతున్నారు. ముందురోజు కూడా అదే, 14.10కే. వెనక్కి తిప్పాను. పదకొండు రోజులు. ఎక్కడా కొట్టివేత లేదు. అదే అందమైన రాత.

"ఇదేంది తమ్మీ?"

"రాసిన గదన్నా. ఐదో నంబరోళ్లు."

"ఐదో నంబరు లేదు."

"నాకు ఎర్కే." పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. "గందుకే గదా, వాళ్లకు రిలీఫ్ పోతలేదు."

మరునాడు ఆ వేళకు హెడ్‌సెట్ నేను పెట్టుకున్నాను. ఉత్త బుసే. పక్కన అతను కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు, ఎవరో చెబుతుంటే విన్నట్టు. "ముగ్గురున్నరు. ఒకాయన ఇయ్యాల మాట్లాడుతలేడు" అన్నాడు. హెడ్‌సెట్ తీసేశాక కూడా ఆ బుస సాయంత్రం దాకా నా చెవుల్లోనే ఉంది.

నర్సింగ్ అసిస్టెంటు కేరళవాడు. తక్కువ మాటల మనిషి. నేను చెప్పిందంతా విని హిందీలో అన్నాడు: "ఎత్తు వల్ల కావచ్చు, మనసులోని జబ్బు కావచ్చు. ఏదైనా సరే కిందికి పంపాలి. ఈరోజే రిపోర్టు రాయండి."

వాతావరణం నాలుగు రోజులు హెలికాప్టరును రానివ్వలేదు. రిపోర్టు కూడా అందాకా ఆపాను. ఆ నాలుగు రోజుల్లో ఆపరేటరు బాగా తిన్నాడు. నవ్వాడు. లాగ్‌లో ఐదో నంబరు మాట మళ్లీ రాలేదు. ఐదో రోజు ఆకాశం తెరిపి ఇచ్చింది. అతను గుడిసె బయట నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, రాయకు. పిచ్చోడని ఒక్కపారి పేరు పడితే ఇగ పోదు. మా అన్న దుకాణంల కూసున్నోళ్లు గూడ అదే ముచ్చట పెడ్తరు. నీ కాళ్లు మొక్కుత."

నేను రాయలేదు. అతన్ని కనిపెట్టి ఉంటానని నర్సింగ్ అసిస్టెంటుకు చెప్పాను. "కనిపెట్టి ఉండటం వైద్యం కాదు ఉస్తాద్" అన్నాడు. అన్నాక తన పనిలో పడ్డాడు.

మిగతా రోజులు సజావుగా గడిచాయి. ఆ గొంతులు ఆగలేదనీ, అతను రాయడం మాత్రమే ఆపాడనీ నాకు చాలా తర్వాత తెలిసింది. బేస్‌లో డాక్టరు అతన్ని, నిద్ర పడుతోందా అని అడిగాడు. పడుతోందన్నాడు. ఇద్దరం ఒకే రైల్లో సెలవుకు వచ్చి కాజీపేటలో దిగాం.

సెలవులో పంతొమ్మిదో రోజు. మే నెల, నలభై నాలుగు డిగ్రీల ఎండ. మధ్యాహ్నం పన్నెండు నలభైకి అతని భార్య సరిత ఫోన్ చేసింది.

"అన్నా, ఆరు రోజులైతాంది ఆయన నిద్రపోక. ఫోన్ స్విచాఫ్ చేసి చెవికాడ పెట్టుకొని మాట్లాడుతాండు. ఇయ్యాల రెండు పదికి రిలీఫ్ పోవాల్నట. బిడ్డను గూడ తయారు చేస్తాండు."

రెండు పది అంటే లాగ్ పుస్తకంలోని 14.10. ఆ వేళ గురించి నేను ఆమెకు ఏనాడూ చెప్పలేదు.

బయల్దేరుతూనే మాజీ సైనికుల క్లినిక్‌కు ఫోన్ చేశాను. వాళ్లు పెద్ద దవాఖాన మానసిక వార్డు డాక్టరు నంబరు ఇచ్చారు. ఆవిడ గొంతు నిదానంగా ఉంది. ఆయుధం ఉందా, ఎవరినైనా కొట్టాడా, పాప ఎక్కడుంది అని అడిగింది.

"పాప ఆయన దగ్గరనే ఉందట మేడం."

"అయితే రేపు చూద్దాం అనే మాట వద్దు. ఇయ్యాలనే తీసుకరండి. ఒక బెడ్ ఖాళీ ఉంది, నేనుంట. అంబులెన్సు పంపిస్త, సైరన్ వెయ్యొద్దని చెప్త. ఆయన భార్య తప్పకుండ రావాలె. ఆయన ఒప్పుకునే స్థితిల లేకపోతే ఆమె సంతకం కావాలె. మేం ఇద్దరు డాక్టర్లం చూసి తేలుస్తం. మీరు చుట్టం కారు, మీ సంతకం చెల్లదు."

"నేనేం చెయ్యాలె?"

"ముందు పాపను దూరం చెయ్యండి. వాదించొద్దు, అరవొద్దు, పదిమంది మీద పడొద్దు. అవసరానికి మించి అబద్ధం చెప్పొద్దు."

ట్రాఫిక్ దాటి మడికొండ చేరేసరికి ఒంటిగంట ముప్పై. కొత్త కాలనీ, రెండంతస్తుల ఇల్లు. గేటు దగ్గర అతని అన్న ఎదురయ్యాడు. మంచివాడే. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"హవల్దార్ సాబ్, జర ఆగుండ్రి. గురువారం నాడు తాయెత్తు కట్టే ఒకాయన తాన్కి తీస్కపోదామనుకుంటాన. దవాఖాన అంటే బజార్ మొత్తం తెలుస్తది."

"పాప ఏదండీ?"

"ఇద్దరు మీదికి పోయిన్రు. ఆడుకుంటాన్రు."

సరితను కింద ఉండమన్నాను. ఇరవై రెండు మెట్లు ఎక్కాను.

మేడ మీద అతను ఉన్ని టోపీ, స్వెట్టర్, బూట్లతో ఉన్నాడు. భుజాల మీద రగ్గు. ఏడేళ్ల కూతురుకు కూడా స్వెట్టరు, టోపీ. పాప ముఖం ఎర్రగా కమిలి ఉంది. బట్టలు ఆరేసే నైలాన్ తాడు అతని నడుం నుంచి పాప నడుముకు. ముళ్లు సరిగ్గా మేం పోస్టులో వేసే ముళ్లే. ఇంటి వెనకవైపు పిట్టగోడ ఇంకా కట్టలేదు, ఇనుప చువ్వలు లేచి ఉన్నాయి. అతను చీపురు కర్రతో నేలను పొడిచి చూసుకుంటూ ఆ వైపే నడుస్తున్నాడు. అంచుకు ఇంకో ఐదడుగులు.

"తమ్మీ."

తిరగలేదు. "ఆగన్నా. ఇక్కడ పగులుంది. అవుతల వాళ్లు కనపడుతాన్రు."

"ఎంతమంది?"

"ముగ్గురు. చెయ్యూపుతాన్రు."

చూశాను. దూరంగా అద్దాల భవనాలు ఎండకు కదులుతున్నట్టున్నాయి. అక్కడ ఎవరూ ఉండరని నాకు తెలుసు. అయినా చూశాను.

"రిలీఫ్ నేనే తమ్మీ. నిన్ను దించనీకి వచ్చిన. తొంభై రోజులు అక్కడ, పంతొమ్మిది ఇక్కడ. చాలా ఎక్కువ చేసినవ్. చార్జి నాకియ్యి."

"ఆర్డర్ ఉన్నదా?"

"నేనే ఇస్తాన."

అప్పుడు తిరిగి నా వైపు చాలాసేపు చూశాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"మరి వాళ్లు?"

"వాళ్ల సంగతి నేను చూసుకుంట."

అవసరానికి మించిన అబద్ధమో కాదో ఇప్పటికీ తెలియదు. అతను తాడు మిగులు కొస నా వైపు విసిరాడు. నడుముకు కట్టుకున్నాను. దిగేటప్పుడు గట్టివాడు చివర ఉండాలి, కిందివాళ్లను పట్టి ఆపాలి. "నువ్వు ముందు దిగు. బిడ్డ నడుమ. నేను వెనుక" అన్నాను. తాడును రెండు చేతులకూ చుట్టుకున్నాను. ఒంటిగంట నలభై నాలుగుకు అతను అంచు నుంచి మెట్ల వైపు తిరిగాడు.

కింద సరిత పాప నడుం ముడి విప్పి ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. పక్కింటావిడకు అప్పగించి వచ్చి, గేటు దగ్గర ఆగి ఉన్న అంబులెన్సులో మా ఎదురుగా కూర్చుంది. అతను తనంతట తానే ఎక్కాడు. మా ఇద్దరి నడుముకూ తాడు ఇంకా ఉంది. విప్పమని అతను అడగలేదు, నేను విప్పలేదు.

రెండు పదికి కాజీపేట దాటుతున్నాం. అతను తల పైకెత్తాడు. సరిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక నిమిషం గడిచింది. ఆ నిమిషమంతా నేను కూడా చెవులు రిక్కించే ఉన్నాను. ఈ మాట డాక్టరుకు కూడా చెప్పలేదు.

"ఇయ్యాల పిలుస్తలేరు" అన్నాడు. సంతోషమో దిగులో ఆ గొంతులో తెలియలేదు.

రెండు ఇరవై ఎనిమిదికి వార్డు. డాక్టరు మెట్ల దగ్గరే నిలబడి ఉంది. అతను ఇనుప జాలీ కిటికీలను, వరసగా ఉన్న మంచాలను చూశాడు.

"ఇది బేసేనా అన్నా?"

డాక్టరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"కాదు తమ్మీ. దవాఖాన. నీకు పానం బాగలేదు. ఇక్కడ పండుకోవాలె, మందులిస్తరు."

తాడు విప్పేసుకుంటాడనుకున్నాను. నెట్టేస్తాడనుకున్నాను. మంచం అంచున మెల్లగా కూర్చున్నాడు.

"నాకు ఎర్కే. మంచు మీదనే ఎర్కైంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పకపోతివి?"

"రాయకుమన్న. నువ్వు ఇన్నవ్."

కోపంగా అనలేదు. లాగ్‌లో రాసినట్టు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను నా నడుం ముడి మీద వేళ్లు పెట్టాను. అది రావడానికి చాలాసేపు పట్టింది.

డాక్టర్లు ఇద్దరూ విడివిడిగా చూశారు. ఉండాలా అని అడిగితే ఒకసారి సరే అన్నాడు, మరుక్షణం వాళ్లు ఎదురుచూస్తున్నారని లేచాడు. సరిత సంతకం కావాల్సి వచ్చింది. ఈలోగా అతని అన్న ఆటోలో వచ్చాడు. కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, జర ఆగు. రేపు పొద్దుగాల పెద్దోళ్లందరం కూసొని మాట్లాడుదాం."

సరిత నెమ్మదిగా అంది: "రేపటిదాంక నా బిడ్డను ఏడ దాచాలె బావా? ఈయన్ను ఏడ దాచాలె?"

ఆయన చెయ్యి తీశాడు. మూడు నలభైకి ఆమె సంతకం చేసింది. నాలుగుంబావుకు అతను నిద్రపోయాడు. వార్డు నర్సు బూట్లు విప్పి మంచం కింద పెట్టింది. అతని అన్న వరండాలో గోడకానుకుని సాయంత్రం దాకా ఏడ్చాడు. ఆ రాత్రి తమ్ముడి మంచం దగ్గర ఉంటానన్నది కూడా ఆయనే.

రెండు రోజుల తర్వాత డాక్టరును ఐదో నంబరు గురించి అడిగాను. నిజంగానే నడుమ ఆ అంకె లేదని చెప్పాను. "జబ్బుపడ్డ మనసు ఖాళీ కనపడితే అక్కడ మనుషులను పెడ్తది. మీ దగ్గర ఖాళీ ఉండె, అంతే" అంది. ఆమె చెప్పింది నమ్మాను. నమ్ముతున్నాను.

నలభై ఒకటో రోజున నాకు తెలుసనీ, రిపోర్టు చెయ్యలేదనీ నా కమాండింగ్ అధికారికి రాసి పంపాను. మందలింపు వచ్చింది. తక్కువే అనిపించింది. అతను వార్డులో ఇరవై నాలుగు రోజులు ఉన్నాడు, తర్వాత సైనిక ఆసుపత్రికి మార్చారు. ఇప్పుడు పెన్షన్ మీద మడికొండలోనే ఉంటున్నాడు. ఇంటి కింది గదిలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తాడు. మాత్రలు మానడు. నడుమ ఒకసారి మళ్లీ నిద్ర తప్పింది. రెండో రోజే తనే సరితకు చెప్పాడు. రెండు గంటల్లో వార్డులో ఉన్నాడు. ఈసారి ఎవరూ గురువారం మాట ఎత్తలేదు. అన్నే బండి నడిపాడు.

నేను సెలవు ముగిసి మళ్లీ మంచుకు వెళ్లాను. ఇంకో రెండేళ్లు చేసి ఇంటికి వచ్చేశాను. చాలా మరిచిపోయాను. పోస్టులో తిన్న తిండి, పక్కన పడుకున్నవాళ్ల ముఖాలు కూడా మసకబారాయి.

మేడ మీద ఒక సంగతి మాత్రం పోదు. నేను మెట్లెక్కి చూసిన మొదటి క్షణంలో పాప నన్ను చూడలేదు, తండ్రినీ చూడలేదు. తల వంచి నేలను చూస్తోంది. మంచులో ముందువాడి అడుగుజాడ దాటి కాలు పెట్టకూడదు, అది మా మొదటి పాఠం. దాన్ని అతను పాపకు నేర్పాడు. కాలుతున్న ఉత్త సిమెంటు మీద, ఏ గుర్తూ లేనిచోట, ఆ పిల్ల ఒక్కో జాడనూ వెతుక్కుని, తన చిన్న పాదం సరిగ్గా అందులో పెడుతూ వస్తోంది. ఒక్క అడుగు కూడా తప్పలేదు.