అవినాష్ పాసు మీద ఎనిమిదేండ్లు

జమ్మలమడుగు దాపున సిమెంటు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు, పొలమిచ్చిన ఇంటికొక పని అన్నారు. తిరుపాల్‌కు పొలం యాడిది? తాత, నాయన గొర్రెలు మేపింది బంజరు మీద. ఆ బంజరు కూడా ఫ్యాక్టరీలో కలిసిపాయె. దానికి మాత్రం పనిస్తామని ఎవురూ అన్లేదు.

నాలుగెకరాలిచ్చిన నారాయణ ఇంటికి కాంట్రాక్టు కూలి పనికి గేటు పాసొచ్చింది, కొడుకు అవినాష్ పేరు మీద. వాడప్పటికే ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. దుమ్ములో మూటలు మొయ్యడమా, వాడా! "నువ్వు పో తిరుపాలూ, జీతం చెరిసగం," అన్నాడు నారాయణ. గేటు కాడ పాసు చూస్తారు గానీ మొగమెవురు చూస్తారు? అట్లా ఎనిమిదేండ్లు తిరుపాల్ ప్యాకింగ్‌లో అవినాష్ అయినాడు.

పోయిన ఎండాకాలం కాంట్రాక్టు కూలోళ్లను పర్మినెంటు చెయ్యాలని సమ్మెకు దిగినారు. ఇరవై మూడు దినాలు టెంటులో అందరికంటే ముందర కూచున్నది తిరుపాలే. గొంతు పోయేదాకా అరిచినాడు పిచ్చోడు. గెలిచినారు. లిస్టులో అవినాష్ పేరొచ్చింది.

పరిగెత్తిపోయి నారాయణ కాళ్లు పట్టుకున్నాడు. "అన్నా, ఈ పని నాకు ఇడిసిపెట్టు. బతికినన్నాళ్లూ సగం జీతం నీకే ఇస్తా."

"పర్మినెంటు పని ఎట్ల ఇడుస్తానురా? పొలం నాది, పేరు నా కొడుకుది."

ఏం నోరప్పా అది! మూటలు మోసిందెవరో మాత్రం ఆ నోట్లోంచి రాలేదు.

యూనియన్ నాయకుడు అమ్జద్ కాడికి పోతే ఆయనా తల దించుకున్నాడు. "నిజం చెప్తే నీ మీదే కేసు పెడతారు. నీ మాదిరి ఇంకా నలభై మంది లోపలుండారు. వాళ్ల కూడు కూడా పోతాది." తిరుపాల్ వచ్చిన దోవనే ఎనక్కి మళ్లినాడు.

మెడికల్ పరీక్షకు అవినాష్ ఇస్త్రీ చొక్కాతో కారు దిగినాడు. బయటికొచ్చి, చూద్దామని వచ్చి వాకిట్లో నిలబడిన తిరుపాల్‌తోనే నవ్వుకుంటా చెప్పినాడు: "డాక్టరు ఆశ్చర్యపోయినాడు మామా. ఎనిమిదేండ్లు ప్యాకింగ్‌లో చేసి ఊపిరితిత్తులు ఇంత శుభ్రంగా ఉండేటోణ్ణి యాడా చూళ్లేదంట!"

తిరుపాల్‌కు ఏడుపు రాలేదు, దగ్గొచ్చింది. ఆర్నెల్ల నుంచి నెత్తురు పడ్తాంది. పెండ్లాం నాగలతకు తెలీకుండా తుడుచుకుంటాండాడు. పని పాయె, పానమన్నా దక్కితే చాలనుకొని, పరీక్షకు పేర్లు రాసుకునే కిటికీ కాడికి పోయినాడు.

"సార్, నన్నూ డాక్టరుకు చూపీండి. ప్యాకింగ్‌లో చేసినా."

"పేరు?"

"తిరుపాల్."

గుమాస్తా కంప్యూటర్లో కిందికీ మీదికీ వెతికినాడు.

"ఆ పేరుతో ఈడ ఎవురూ పని చెయ్యలేదప్పా. పక్కకు జరుగు."